పోటు చూసుకుని పడవ దించాలి: గోదావరి డెల్టాలో పారా సెయిలింగ్ సాధనకు ఏర్పాట్లు

తెరచాప పడవ నడపడం కన్నా, ఆ పడవలోకి మనిషిని దించడం, మళ్ళీ క్షేమంగా ఒడ్డుకు ఎక్కించడం డెల్టాలో కష్టం. చక్రాల కుర్చీ వాడేవాళ్ళు నీటి మీద రెండు గంటలు సాధన చెయ్యాలంటే ఒడ్డున నాలుగు గంటల పని ఉంటుంది. ఆ నాలుగు గంటలూ అమరకపోతే సాధన నెలకు రెండుసార్లకు పడిపోతుంది. నెలకు రెండుసార్లు పడవెక్కేవాళ్ళు పోటీలో నిలవలేరు. అందుకే ఇక్కడ చెప్పేది చాలావరకు ఒడ్డు గురించే.

ముందుగా పేరు సంగతి. అర్జీల్లో ఉత్తినే ‘పారా సెయిలింగ్’ అని రాయకండి. బీచిలో మనిషికి పారాచూట్ కట్టి పడవతో లాగే ఆట అనుకుంటారు, ఫైలు వేరే బల్ల మీదికి పోతుంది. ‘వికలాంగుల తెరచాప పడవ పోటీలకు శిక్షణ’ అని మొదటి వాక్యంలోనే రాయండి.

పడవ

డెల్టాకు హన్సా 303 మంచిది. పొడవు 3.03 మీటర్లు, వెడల్పు 1.35 మీటర్లు. ఒకరు గానీ ఇద్దరు గానీ పడవలో బాగా కిందికి, ముందుకు చూస్తూ కూర్చుంటారు. పక్క మారనక్కర్లేదు. చుక్కాని చేతిదగ్గరి జాయ్‌స్టిక్‌తో తిరుగుతుంది. గాలి ఎక్కువైతే తెరచాపను కొయ్యకే చుట్టేసి చిన్నది చెయ్యొచ్చు. అడుగున దిగే కీల్ బరువు 30 కిలోలు, పడవ బోల్తా పడకుండా ఆపేది అదే. ప్రపంచ స్థాయి పారా పోటీల్లో ఈ పడవకు పురుషులకూ స్త్రీలకూ వేరువేరు విభాగాలున్నాయి.

‘2.4 మీటర్’ అనే ఒంటరి పడవ కూడా పోటీల్లో ఉంది. పేరుకు 2.4 గానీ పొడవు నాలుగు మీటర్ల పైనే, బరువు సుమారు 260 కిలోలు, అందులో ఎక్కువ భాగం అడుగున పోసిన సీసం. దాన్ని దించడానికి క్రేను గానీ గట్టి సిమెంటు ర్యాంపు గానీ కావాలి. మన రేవుల్లో దానితో మొదలుపెట్టడం డబ్బు దండగ.

ఎక్కడ నేర్పాలి

కొత్తవాళ్ళకు రాజమండ్రి దగ్గరి అఖండ గోదావరి, ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువన ఉన్న నీరు. ఉప్పు లేదు, ఆటుపోట్లు లేవు, వారం వారం ఒకే వేళకు రావొచ్చు. చిక్కులు వేరే ఉన్నాయి. ఘాట్లు ఎక్కువగా మెట్లే, కాబట్టి వాలుగా నీటిలోకి దిగే గట్టు వెతుక్కోవాలి. ఇసుక పడవల దారిలో గుర్తులు (సాధనలో చుట్టి రావడానికి నీటిలో తేలేలా వేసేవి) వెయ్యకూడదు. బ్యారేజీ వైపు, వంతెన స్తంభాల వైపు గాలి తోసే రోజున సాధన మానెయ్యాలి, ఎందుకంటే గాలి పడిపోతే ప్రవాహం పడవను అటే పట్టుకుపోతుంది.

పోటీకి తయారయ్యేవాళ్ళకు కాకినాడ అఖాతం. తూర్పున హోప్ ఐలాండ్ అడ్డం ఉండడంతో సముద్రపు అలలు లోపలికి పెద్దగా రావు. గాలి మాత్రం నిండుగా వస్తుంది. కానీ దక్షిణాన, పడమర ఒడ్డున లోతు తక్కువ, పాటుకు, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళకు, నీరు తియ్యగానే రొంపి (బురద) తేలుతుంది. కీల్ దించిన హన్సాకు మీటరు లోతు కావాలి. తేడా కోసం మరో అర మీటరు కలుపుకుని, పాటు వేళ కూడా మీటరున్నర తగ్గని చోటే గుర్తులు వెయ్యండి. ఓడలు, బార్జీలు నడిచే కాలువ దాటి వెళ్ళొద్దు.

యానాం దగ్గర గౌతమి వెడల్పు చూసి మనసు పడతారు. అక్కడ పాటు వేళ ప్రవాహం బలంగా ఉంటుంది. పైగా యానాం ఒడ్డు పుదుచ్చేరి పాలనలోది, ఎదురుగా ఎదుర్లంక ఆంధ్రప్రదేశ్‌ది. రెండు వైపులా అధికారులకు చెప్పుకోవాలి. నీరు కదలని కాసేపు తప్ప కొత్తవాళ్ళను అక్కడ దించకండి.

పోటు లెక్క

ఉప్పునీటి రేవులో సాధన జరిగేదీ మానేదీ ఈ లెక్క మీదే ఆధారపడుతుంది, కాబట్టి నిదానంగా చూడండి.

రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటు నుంచి పాటుకు ఆరు గంటల పైచిలుకు. ఆ ఆరు గంటల్లో నీరు సమంగా దిగదు. మొత్తం తేడాను పన్నెండు భాగాలు చేస్తే మొదటి గంటలో 1, రెండో గంటలో 2, మూడు, నాలుగు గంటల్లో చెరో 3, ఐదో గంటలో 2, ఆరో గంటలో 1 భాగం దిగుతుంది. అమావాస్య, పున్నమి రోజుల తేడా మీటరున్నర అనుకుని ఏర్పాటు చేసుకోండి.

ఇప్పుడు చక్రాల కుర్చీకి తగిన వాలు చూడండి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. పోటుకు గంటన్నర ముందు దించడం మొదలుపెట్టి, పోటు తరువాత గంటన్నరలోపు అందర్నీ ఎక్కించేస్తే నీటిమట్టం మారేది 25 సెంటీమీటర్లే. అంటే ఒడ్డు నుంచి నీటిదాకా వాలుగా వేసే పలక 3 మీటర్లుంటే చాలు. అటు రెండు, ఇటు రెండు గంటలు కావాలంటే మార్పు 37 సెంటీమీటర్లు, పలక నాలుగున్నర మీటర్లు. మూడేసి గంటలు కావాలంటే 75 సెంటీమీటర్లు, పలక 9 మీటర్లు. తొమ్మిది మీటర్ల పలకను రొంపి మీద నిలబెట్టడం చిన్న పని కాదు, ఖర్చూ అంతే. కాబట్టి పొడవాటి పలకకు డబ్బు పెట్టే బదులు వేళనే కుదించుకోండి. పోటుకు అటూ ఇటూ గంటన్నర, మొత్తం మూడు గంటలు. దానికి మించి ఆశపడొద్దు.

పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. సముద్రపు గాలి నిలకడగా వచ్చేది మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. పోటు ఒంటిగంటకూ నాలుగింటికీ మధ్య పడే రోజులు పక్షానికి నాలుగే వస్తాయి, నెలకు ఎనిమిది. ‘ప్రతి ఆదివారం సాధన’ అని పెట్టుకున్న జట్టు ఇక్కడే దెబ్బతింటుంది. ఒక ఆదివారం బాగుంటుంది, మరుసటి ఆదివారం అదే వేళకు రేవులో మోకాలి లోతు బురద. నెల ముందే తేదీలు రాసి సహాయకులకూ వాహనం వాళ్ళకూ ఇచ్చెయ్యండి. ఉద్యోగం చేసేవాళ్ళు సెలవు పెట్టుకోవాలి కదా.

వేళలకు పోర్టు పట్టిక, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అంచనాలు ఉన్నాయి. అయినా మీ రేవుకు మీ కొలత ఉండాలి. గట్టి వెదురు గెడ ఒకటి తీసుకుని పది సెంటీమీటర్లకో గీత రంగుతో గీసి, రేవులో కదలకుండా పాతండి. ఒక నెల రోజులు పగటి పోటు వేళ, గీత, తిథి మూడూ రాయండి. ఒక రేవులో ఏ తిథికి ఏ వేళకు పోటు వస్తుందన్నది పెద్దగా మారదు. మత్స్యకారులు తిథిని బట్టి పోటు చెప్పేది అందుకే. ఆ నెల లెక్కతో పంచాంగమే మీకు సాధన పట్టిక అవుతుంది. వరద నీరు దిగేటప్పుడు, వాయుగుండం ఉన్నప్పుడు మాత్రం ఈ లెక్కను నమ్మొద్దు.

రేవు నుంచి పడవలోకి

మనుషులు చేతుల మీద ఎత్తి దించడం అన్నిచోట్లా కనిపించే పద్ధతి, అన్నిటికన్నా చెడ్డది. బురదలో కాలు జారితే ఇద్దరూ పడతారు. చంకల కింద పట్టి లేపితే భుజం కీలు దెబ్బతింటుంది. చక్రాల కుర్చీ నడిపే మనిషికి ఆ భుజాలే కాళ్ళు.

డెల్టాకు సరిపోయేది పొడి నేల మీదే పడవలో కూర్చోబెట్టే పద్ధతి. పడవను ట్రాలీ మీద పెట్టి చదునైన చోట నిలపండి, చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టండి. కీల్ పైకి లాగి ఉండాలి. కుర్చీని పడవ అంచుకు ఆనించి, బ్రేకు వేసి, నున్నటి పలక మీదుగా మనిషిని జరపాలి. నడుము పైభాగం కూడా పట్టు లేనివాళ్ళకు స్లింగు (మనిషిని ఎత్తే గుడ్డ జోలె), ఒక టన్ను చెయిన్ బ్లాకు (గొలుసుతో బరువెత్తే కప్పీ) వాడండి. దాన్ని వేలాడదీసే చెయ్యి ఒడ్డున సిమెంటు దిమ్మెలో పాతిన స్తంభానికి ఉండాలి. తేలే బల్ల మీద మాత్రం పెట్టొద్దు, బరువు పక్కకు రాగానే బల్ల ఒరుగుతుంది. స్లింగు నాలుగు కొక్కేలూ తగిలాయని ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు తాకి చూడాలి. తరువాత కొద్దిగా పైకి లేపి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు పక్కకు తిప్పాలి.

మనిషి, పడవ, కీల్ కలిపి 180 కిలోలనుకుందాం. ఎనిమిదికి ఒకటి వాలులో అది 22 కిలోల బలంతో కిందికి లాగుతుంది. వట్టి చేతులతో ఆపొద్దు. ట్రాలీకి తాడు కట్టి, ఒడ్డున గుంజకు రెండు చుట్లు వేసి కొద్దికొద్దిగా వదలండి. పడవ తేలగానే రెండు పక్కలా ఒక్కొక్కరు పట్టుకోవాలి. కీల్ దిగేదాకా ఆ పడవకు నిలకడ లేదు. మీటరు లోతుకు నడిపించి, కీల్ పూర్తిగా దించి, దాని పట్టీ బిగించి, సెయిలరు ‘సరే’ అన్నాకే వదలాలి.

జరిగే తప్పుల్లో పెద్దది ఇక్కడే. తిరిగి వచ్చేటప్పుడు కీల్ రొంపికి తగులుతుందని సెయిలరే ముందుగా పైకి లాగేస్తారు. సరిగ్గా అప్పుడు పక్కగాలి తగిలితే పడవ ఒరిగిపోతుంది. మనుషులు రెండు పక్కలా పట్టుకున్నాకే కీల్ లేపాలి. ఈ నియమాన్ని పడవ లోపల రంగుతో రాసి పెట్టినా తప్పు లేదు.

నేల మెత్తగా ఉంటే ట్రాలీ సన్న చక్రాలు దిగబడతాయి. గాలి తక్కువ పెట్టిన వెడల్పు టైర్లు వేయించండి. దారికి తాటి దూలాలు వేసేవాళ్ళున్నారు, తడిస్తే అవి నూనె రాసినట్టు జారుతాయి. దూలాల మీద పలకలు కొట్టి, పైన కొబ్బరిపీచు పట్టా పరిచి మేకులు వెయ్యండి. పీచు కోనసీమ అంతటా దొరుకుతుంది, బురదలో కూడా పట్టు ఇస్తుంది, పాడైతే మార్చడం చవక. సిమెంటు ర్యాంపు మీద పాచిని వారానికోసారి బ్లీచింగ్ పొడి, గట్టి బ్రష్షుతో తోమాలి.

ఒక్కొక్కర్ని దించడానికి పది పన్నెండు నిమిషాలు. నలుగురికి ముప్పావుగంట, ఎక్కించడానికి మరో ముప్పావుగంట. ముందు దిగినవాళ్ళే ముందు ఎక్కితే మూడు గంటల్లో ప్రతి ఒక్కరికీ సుమారు రెండు గంటలు నీటి మీద దక్కుతాయి. మధ్యాహ్నం రెండున్నరకు పోటు అయితే పదకొండున్నరకు తెరచాపలు బిగించడం, పన్నెండుంబావుకు సెయిలర్లు రావడం, ఒంటిగంటకు మొదటి పడవ దిగడం, నాలుగుకు చివరి మనిషి కుర్చీలో ఉండడం. రాజోలు నుంచి అమలాపురం, ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ వచ్చేవాళ్ళు ఉదయమే బయల్దేరాలి. పంటు మీద నది దాటి వచ్చేవాళ్ళు ఉంటే పంటు ఆగే వేళలు కూడా అడిగి రాసుకోండి.

ఒళ్ళు జాగ్రత్త

మెడ దగ్గర, వీపు పైభాగంలో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకు దెబ్బ కిందిభాగంలో చెమట సరిగా పట్టదు. ఎండలో ఒంటి వేడి తగ్గే దారి లేదు. మనకు ఉక్కగా ఉన్న రోజున వాళ్ళకు ప్రమాదం. నీడ, తడి తువ్వాళ్ళు, ఐసు పెట్టె, నీళ్ళు చల్లే సీసా పడవలోనూ ఉండాలి. ఉన్నట్టుండి తలనొప్పి, ముఖం ఎర్రబడడం, దెబ్బకు పైభాగంలో చెమటలు కనిపిస్తే అది ఎండ దెబ్బ అనుకుని పడుకోబెట్టొద్దు. బీపీ అమాంతం పెరిగి ఉండొచ్చు. నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, మూత్రం గొట్టం మడతపడిందేమో, సంచి నిండిందేమో వెంటనే చూసి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. రేవు దగ్గరున్న ప్రతి సహాయకుడికీ ఇది తెలిసి ఉండాలి.

మరుగుదొడ్డి లేని రేవులో సెయిలర్లు ఉదయం నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు. అడిగితే చెప్పరు. దాంతో ఎండ దెబ్బ, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, రెండూ వస్తాయి. డేరా వేసి, చదును పలక పరిచి, కమోడ్ కుర్చీ, రెండు బకెట్ల నీళ్ళు, చెత్త సంచి పెట్టండి. తలుపు దారి 90 సెంటీమీటర్లకు తగ్గొద్దు. ఆడవాళ్ళు ఉంటే ఆడ సహాయకులు ఉండి తీరాలి. పడవ కొనడానికి ముందు ఈ ఏర్పాటు చెయ్యాలని మా గట్టి అభిప్రాయం.

తడిసిన చర్మం త్వరగా పుండు పడుతుంది. స్పాంజి దిండు నీరు పీల్చి పిండిలా నలుగుతుంది, నీరు పట్టని ఫోమ్ షీటు పొరలు కత్తిరించి వాడండి. చేతులతో లేవగలిగినవాళ్ళు పావుగంటకోసారి ఒళ్ళు లేపాలి, లేవలేనివాళ్ళు ముందుకు, పక్కకు వాలాలి. ఒడ్డుకు రాగానే అద్దంతో పిరుదులు, మడమలు చూసుకోవాలి. ఎరుపు అరగంటలో తగ్గకపోతే అది పూర్తిగా పోయేదాకా పడవెక్కొద్దు. స్పర్శ లేని పాదాలకు బూట్లు తప్పనిసరి. రేవు గుంజలకు అంటుకున్న గవ్వలు కత్తిలా కోస్తాయి, కోసినట్టు తెలియదు. ఎండకు కాలిన ఇనుము, నల్ల పలక మీద తడి గోనెసంచి వెయ్యండి.

వెంట ఉండే పడవ

మూడు పడవలకు ఒక మోటారు పడవ, దాంట్లో ఇద్దరు. ఒకరు నీటిలో దూకగలిగినవారు. ఊళ్ళో దొరికే ఫైబర్ పడవకు అంచు ఎత్తు, కాళ్ళు కదలని మనిషిని పైకి లాగడం దాదాపు అసాధ్యం. గట్టి వల ముక్క, రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, ఒక అంచు పడవకు కట్టి రెండో అంచు నీటిలో వదలండి. మనిషిని అందులోకి తేల్చి, వదులు అంచును పైకి లాగితే చాపలో చుట్టినట్టు దొర్లి లోపలికి వస్తారు. పడవ పొడవు దూరంలోకి రాగానే ఇంజను ఆపాలి. గేరు తియ్యడం చాలదు, ఆపాలి.

లైఫ్ జాకెట్లలో 50 న్యూటన్ల తేల్చే బలం ఉన్న రకం ఈదగలవాళ్ళకు. మెడ నిలపలేనివాళ్ళకు, చేతులు బలహీనంగా ఉన్నవాళ్ళకు ముఖాన్ని పైకి తిప్పే 100 గానీ 150 గానీ కావాలి, తొడల మధ్య పట్టీ ఉండాలి. మీటరు లోతులో మనుషులు చుట్టూ ఉండగా ఒక్కొక్కర్నీ తేల్చి చూడండి. కాళ్ళు తేలి ముఖం మునిగే ఒంటి తీరు కొందరిది, అది ముందే తెలియాలి. ఎవర్నీ సీటుకు కట్టెయ్యొద్దు. ఛాతీకి పట్టీ తప్పకపోతే ఒక్క లాగుతో ఊడే వెల్క్రో వాడి, తడిపి, బురద పూసి కూడా ఊడుతోందో లేదో చూడండి.

పోటీ సాధన

గుర్తులకు 20 లీటర్ల మంచినీళ్ళ డబ్బాలకు పసుపు రంగు వేస్తే చాలు. లంగరుకు సిమెంటు పోసిన డబ్బా, తాడు లోతుకు రెండింతలు. గాలికి ఎదురుగా మొదటి గుర్తు 300 మీటర్ల దూరంలో ఉంటే మామూలు గాలిలో హన్సాకు ఆరేడు నిమిషాలు పడుతుంది. పోటీలో బయల్దేరే లెక్క ఐదు, నాలుగు, ఒకటి, సున్నా నిమిషాలు. చెవి బాగా వినేవాళ్ళకు ఈల, వినలేనివాళ్ళకు జెండా, రెండూ అలవాటు చెయ్యండి. బయల్దేరే గీత దగ్గర పడవను నిలిపి ఉంచడం పోటీలో సగం విద్య. పోటు నిలిచిన అరగంటలో దీన్నే పదేపదే చేయించండి, పాటు మొదలయ్యాక గీత దగ్గర నేర్చుకునేది తక్కువ.

కాలం

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా అన్నిటికన్నా మంచి రోజులు. మేలో గాలి ఉంటుంది, ఎండ ఒప్పుకోదు. పోటు మూడున్నర దాటాక పడే రోజులే తీసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలూ మోటారు పడవకు అద్దె మనుషులు దొరుకుతారు, కానీ మీ మోటారు పడవ వేటకు కాదని మెరైన్ పోలీసుకూ మత్స్యశాఖకూ ముందే రాసివ్వండి. నైరుతి నెలల్లో కాకినాడలో పడమటి గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు తోస్తుంది. ఒడ్డున నీరు నునుపుగా, మంచిగా కనిపించి మోసం చేస్తుంది. ఆ గాలిలో దూరం పోనివ్వొద్దు. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక. నది సాధన అప్పటిదాకా ఆగక ముందే మానెయ్యాలి, ఎర్రనీటితో పాటు దుంగలు, గుర్రపు డెక్క దిగి కీల్‌కు చుట్టుకుంటాయి. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. తెరచాపలు ఇంటికి, కొయ్యలు విప్పి లోపలికి, పడవలు బోర్లించి నేలకు కట్టాలి. కొబ్బరి చెట్ల కింద మాత్రం ఎప్పుడూ వద్దు. మడిచిన తెరచాపను ఎలుకలు ఒక్క రాత్రిలో కొరుకుతాయి, దూలానికి వేలాడదీయండి. ఉప్పునీటి నుంచి వచ్చిన ప్రతిసారీ కప్పీలు, జాయ్‌స్టిక్ కీలు మంచినీటితో కడగాలి, చెయిన్ బ్లాకుకు నెలకోసారి గ్రీజు.

కాగితాలు, ప్రయాణం

2000 సిడ్నీ నుంచి 2016 రియో దాకా పారాలింపిక్స్‌లో సెయిలింగ్ పతకాల పోటీగా ఉంది, ఆ తరువాత టోక్యో, పారిస్‌లలో లేదు. కాబట్టి ఇప్పుడు గురి పారా సెయిలింగ్ ప్రపంచ పోటీలు, జాతీయ పోటీలు. అక్కడ వర్గీకరణ వైకల్య శాతాన్ని బట్టి జరగదు, పడవలో ఏ పని చెయ్యగలరో చూస్తారు. వైకల్య శాతం చెప్పే సదరం ధ్రువపత్రం ఒక్కటే చాలదు. వైద్యుడు ఇంగ్లీషులో నింపిన ఫారం, స్కాన్ రిపోర్టులు కావాలి. ఆరు నెలల ముందు మొదలుపెట్టండి, పాత ఆసుపత్రి కాగితాలు దొరకడానికే రెండు నెలలు పోతాయి.

పడవను లారీలో పంపితే కీల్ విడిగా గోనెలో చుట్టి, నేలకు ఆనించి కట్టాలి, పడవ మీద పెడితే పెంకు పగులుతుంది. చిన్న టాటా ఏస్ తొట్టి ఏడడుగులు, పడవ పదడుగులు, కాబట్టి పదడుగుల తొట్టి ఉన్న పికప్ మాట్లాడుకోండి. దూరపు పోటీల్లో పడవ అక్కడే అద్దెకు దొరకడం మామూలు. అప్పుడు వెంట వెళ్ళేది మీ దిండు, ఛాతీ ఆసరా, స్లింగు, ఆ పడవకు మీ ఆసరా బిగించే పట్టీలు. వాటిని ఒకే సంచిలో పెట్టి, సాధన రోజున కూడా ఆ సంచిలోంచే తీసి పావుగంటలో బిగించడం అలవాటు చేసుకోండి.